తిరిగొచ్చిన నీళ్ళు

పోయినవారం మిమ్మల్నందరినీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేసి నేను చక్కా వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నేనూ నన్ను అప్పట్నుంచీ తిట్టుకుంటూనే ఉన్నాను. నెవిల్ పాస్కో, మా కరువు ఊరికి నీళ్ళు తెచ్చే రైలు దగ్గర గొట్టాలు తగిలిస్తూ, తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, నా మొహంకేసి సూటిగా చూసి అడిగాడు గుర్తుందా? "శనివారం బండికి పోర్ట్ పిరీ వెళ్ళిపోతున్నాను మెర్ల్. అక్కడ సీసం కరిగించే కొలిమిలో పని దొరికింది. సముద్రం పక్కన ఇల్లు. వస్తావా, రావా?" ఆరేళ్ళుగా 'పెళ్ళెప్పుడు' అని అడిగిన మనిషి మొదటిసారి 'వస్తావా, రావా' అన్నాడు. నేనేమన్నాను? "శుక్రవారం పరీక్ష అయ్యాక చెప్తా" అన్నాను. నా నోట్లో మన్ను పొయ్య. రైల్లో చోటుందా అని అడిగినవాడికి చెప్పే జవాబులా లేదూ అది?

కొత్తగా ఈ కథ పట్టుకున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నన్ను రాక్షసిననుకుంటారు. ఎడారి మధ్య గనుల ఊరు మా బ్రోకెన్ హిల్‌లో పెళ్ళయిన ఆడది ఉద్యోగం చెయ్యకూడదు. అది చట్టం కాదు, చట్టానికైతే లొసుగులుంటాయి. ఇది ఊరి కట్టుబాటు. మొగుడి జీతం ఇంటికొస్తుండగా ఇంకొకరి నోటిదగ్గర కూడు లాక్కోవడమేమిటని యూనియన్ వాళ్ళ వాదన. సోమవారం ఉంగరం తొడుక్కుంటే మంగళవారం నీ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది. నా కుర్చీ గని లేబరేటరీలో ఉంది. ఆ గని పేరు నేను చెప్పను, మా ఊళ్ళోవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మా కొండలో సీసం, జింకు, గంధకం ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. ఆ రాయిని పిండిచేసి నీళ్ళలో కలిపి, నీలగిరి తైలంలాంటివి నాలుగు చుక్కలు వేసి, అడుగునుంచి గాలి ఊదుతాం. బుడగలు సీసాన్ని పట్టుకుని పైకి తెస్తాయి. ఆ నురగ గీకేసుకున్నాక, మిగిలిన బురదని పక్క తొట్టిలోకి పంపి మైలుతుత్తం కలుపుతాం. అప్పుడు జింకు నిద్రలేచి పైకొస్తుంది. ముందు సీసం, తర్వాత జింకు. మా తాతల కాలంనుంచీ ఇదే వరస. అయితే మరీ మెత్తటి పిండి పాత తొట్లలో బుడగకి అంటుకోదు. అది బురదతోపాటు బయటికి పోయి, ఎండి, ఊరి నెత్తిమీద కొండలా పేరుకుపోయింది. గాలి లేచిందంటే మా అన్నం పళ్ళేల మీద రాలేది అదే. అందులోంచి కూడా లోహం లాగాలని మా లేబరేటరీ పెద్ద మిస్టర్ ఆక్స్లీ, నేనూ కలిసి నాలుగేళ్ళు తంటాలు పడి, ఆవగింజంత బుడగలొచ్చే పొడుగు తొట్టి ఒకటి కట్టాం. శుక్రవారం మెల్బోర్న్‌నుంచి డైరెక్టర్లు వస్తున్నారు చూడ్డానికి. వాళ్ళకి నచ్చితే పెద్ద మిల్లు కడతారు. నచ్చకపోతే తొట్టి పాత ఇనుముకి పోతుంది, దాంతోపాటు నేనూ. పరీక్ష మొదలైన దగ్గర్నుంచీ మూడు వారాలుగా తొట్టి మమ్మల్ని ఏడిపిస్తోంది. ఇదీ సంగతి.

గురువారం పొద్దున్న నిచ్చెనెక్కి తొట్టిలోకి తొంగిచూశాను. నురగ మళ్ళీ గోధుమరంగే.

సీసం నురగ తోమిన వెండిగిన్నెలా మెరవాలి. ఇది పాలెక్కువైన టీలా ఉంది. అంటే జింకు. పక్క తొట్టిలో మైలుతుత్తం తగిలాక లేవాల్సిన జింకు, పిలవకుండానే వచ్చి సీసంతో కలిసి కూర్చుంది. రెండూ కలిసిపోయిన నురగని ఏ కొలిమివాడూ కొనడు.

ఆక్స్లీ గారు కిందనుంచి అడిగారు. "ఎలా ఉంది మిస్ ట్రెగెన్జా?"

"నిన్నటిలాగే ఉందండీ."

ఆయన టోపీ తీసి, బట్టతల తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "రాయి మార్చాం, సున్నం మార్చాం, గాలి మార్చాం. ఇంక మార్చడానికి మనిద్దరమే మిగిలాం." ఆయన జోకులు అలాగే ఉంటాయి, నవ్వు రాదు, జాలేస్తుంది. మెల్బోర్న్ మనిషి. మా ఊరొచ్చి పదిహేనేళ్ళయినా మావాళ్ళకి ఆయన 'అవతలివాడే'. మా ఊళ్ళో పుట్టనివాళ్ళంతా అవతలివాళ్ళే, అది కూడా కట్టుబాటే. "సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే దారిలో ఉన్న డైరెక్టర్లని వెనక్కి వెళ్ళిపొమ్మని టెలిగ్రాం ఇచ్చేస్తాను. అంత దూరంనుంచి వచ్చి ఈ టీ చూడ్డమెందుకు వాళ్ళు?"

సరేనండీ అన్నాను. ఇంకేమనను? నిచ్చెన దిగుతుంటే గోడవతలనుంచి నెవిల్ ఈల వినబడింది. పంపులు చూసుకునేది అతనే. పని చేస్తూ ఈల వేస్తాడు, ఏ పాటా పూర్తిగా వెయ్యడు, సగంలో వదిలేస్తాడు. ఆ మిగతా సగం నేను రోజంతా నోట్లో పెట్టుకుని తిరుగుతాను. శనివారం తర్వాత ఈ గోడవతల ఇంకెవడో ఉంటాడు. వాడు ఈల వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. మా అమ్మ స్నానాల గదిలోంచి బకెట్టు మోసుకొస్తూ కనబడింది.

"ఏమేవ్, ఆ పెరటి తలుపు తియ్యి. నాకు చేతులు రెండే ఉన్నాయి."

కరువొచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో స్నానం నీళ్ళకి నాలుగు జన్మలు. ముందు అమ్మ స్నానం, అవే నీళ్ళలో నేను, అవే నీళ్ళలో బట్టలు, ఆఖరికి పెరట్లో నిమ్మచెట్టు. మాదొక్క ఇల్లే కాదు, ఊరంతా ఇదే. నీళ్ళు రైలెక్కి వచ్చే ఊరు మరి. ఇక్కడ పిల్లలకి అ ఆ ల కంటే ముందు కొళాయి కట్టెయ్యడం నేర్పుతారు.

అమ్మ బకెట్టు వంచుతూ గొణుగుతోంది. "చూడవే దీని ఆకులు! రోజూ పోస్తూనే ఉన్నానా? అయినా పసుపెక్కి రాలిపోతోంది. ఏం రోగమొచ్చిందో దీనికి."

"సబ్బు నీళ్ళు పోస్తే ఏం చేస్తుందమ్మా పాపం?"

"సబ్బైతే మాత్రం? నీళ్ళు నీళ్ళే. పారబొయ్యమంటావా, మీ ఆక్స్లీ లాగా?"

"ఆయనేం పాపం చేశాడు మధ్యలో?"

"ఏం చేశాడా! వాడిన నీళ్ళన్నీ ఎడారిలోకి వదిలెయ్యమన్నాట్టగా. బజార్లో అందరూ ఆడిపోసుకుంటున్నారు. అవతలివాడు గనక చెల్లింది. మన ఊరివాడెవడైనా చేస్తాడా అలాంటి పని? వాడి చేతులే ఒప్పుకోవు."

మాంసం కూరిన పేస్టీ ముక్క నోట్లో పెట్టుకున్నదాన్ని అలాగే ఆగిపోయాను.

వాడి చేతులే ఒప్పుకోవు. నిజమే. పరీక్ష అయ్యేదాకా రైలు నీళ్ళే వాడాలి, జింకు తొట్టి దాటిన నీళ్ళు బయటికే పోవాలి అని ఆక్స్లీ గారు ఆర్డరు వేశారు. ఎందుకో చెప్పలేదు. ఆయన కారణాలు చెప్పరు, ఆర్డర్లు వేస్తారు. ఆ నీళ్ళు బయటికి పోతున్నాయనే నేనూ అనుకున్నాను. పోతున్నాయో లేదో ఒక్కసారైనా వెళ్ళి చూశానా? ఎడారిలో తడి ఎంతసేపుంటుందిలే అని ఊరుకున్నాను.

"ఏమే, సగం తిని లేచావేం? ఉప్పెక్కువైందా?"

"లేదమ్మా. నువ్వు బంగారానివి."

"ఎండదెబ్బ తగిలినట్టుంది దీనికి," అంది అమ్మ నిమ్మచెట్టుతో.

గనికి పరుగెత్తుకెళ్ళి, సీసం తొట్టిలోకి వచ్చే గొట్టం దగ్గర ఒక గిన్నెడు నీళ్ళు పట్టాను. తేటగానే ఉన్నాయి. లేబరేటరీలో రెండు చుక్కల ఆమ్లం వేసి, పొయ్యిమీద పెట్టి, మరిగించి మరిగించి చారెడు చేశాను. చల్లారాక అమ్మోనియా పోశాను. రైలు నీళ్ళయితే రంగు మారకుండా అలాగే ఉండాలి. నా కళ్ళముందే గాజుగ్లాసులో నీలంరంగు తేలింది. లేత నీలం, పండగపూట పిల్లల గౌన్ల రంగు. అంత అందమైన రంగుని చూసి నాకు ఏడుపొచ్చింది. అది మైలుతుత్తం. జింకు తొట్టి దాటిన నీళ్ళు ఎవరో మళ్ళీ సీసం తొట్టికే తిప్పుతున్నారు. జింకు ముందే నిద్రలేవక ఏం చేస్తుంది మరి?

గొట్టం వెంబడి నడిచాను. మిల్లు వెనకాల, కంచె దగ్గర, బయటికి పోవాల్సిన కాలవ ఎండిపోయి నెర్రెలిచ్చింది. దానికి ఈవల కొత్త వంపు గొట్టం ఒకటి, వాల్వు ఒకటి కనబడ్డాయి. అతుకు చుట్టూ ఎర్రరంగు ఉంగరంలా, ఎక్కడా కారకుండా తీర్చి ఉంది. అలా అతికేవాడు మా గనిలో ఒక్కడే. రంగు పూసి, ఎక్కువైంది బొటనవేలితో ఒక్క చుట్టు తుడిచేస్తాడు. మా ఇంటి ట్యాంకుకి కూడా అతనే వేశాడు అలాంటి అతుకు. దానిమీద ఆ వేలి ముద్ర ఇప్పటికీ ఉంది. నీళ్ళు పట్టుకునేటప్పుడల్లా నేను దానిమీద వేలు పెడతాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

పంపుల షెడ్డులోకి కోపంగానే వెళ్ళాను. ఒట్టు, కోపంగానే. నెవిల్ బల్లమీద కూర్చుని ఉన్నాడు, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, ఒక కప్పుడు నీళ్ళతో చేతులు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న మొహమే. అయినా ఎప్పుడూ తనివితీరా చూసినట్టుండదు. మా ఊళ్ళో ప్రతి కిటికీకీ కళ్ళుంటాయి, ప్రతి కంటికీ నోరుంటుంది. ఇంటిదాకా నడిపిస్తాడు, గేటు దగ్గర ఆగుతాడు, టోపీ తీసి వెళ్ళిపోతాడు. అంతే మా సంసారం.

"నెవిల్, ఆ వంపు గొట్టం ఎవరు వేశారు?"

"ఏ వంపు గొట్టం?"

"నాటకాలాడకు. నీ వేలిముద్ర నాకు తెలీదా?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "నేనే వేశాను. పరీక్ష మొదలైన రోజే. ఏం చెయ్యమంటావు? నీళ్ళ రైలు దింపుకునేది నేను. కింది వీధుల్లో కొళాయి ఆగిపోతే నన్నడుగుతారు ఆడవాళ్ళు. అలాంటిది, కళ్ళముందే అన్ని నీళ్ళు మట్టిలోకి పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. తేటగా ఉన్నాయి గదా అని తిప్పేశాను. ఆ మేరకి రైలు నీళ్ళు మిగిలితే ఊళ్ళోకి వదిలాను."

నేను పక్కున నవ్వాను. నవ్వాపుకోలేక బల్లమీద కూలబడ్డాను. "ఓరి నీ పిచ్చి బంగారం కానూ! తేటగా ఉంటే సరా? వాటినిండా మైలుతుత్తమే! నువ్వు పొదుపు చేస్తున్నావు, మేమేమో పైన మూడు వారాలుగా జుట్టు పీక్కుంటున్నాం. మా అమ్మ నిమ్మచెట్టుని చంపుతోందే, అచ్చం అలాగే నా తొట్టిని చంపావు నువ్వు. పద, వాల్వు కట్టేద్దాం. ఆక్స్లీ గారికి చెప్దాం. ఆయనకీ నవ్వొస్తుంది ఇవాళ."

ఆ నవ్వులోనే, ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోకుండా, అతని భుజంమీద తల వాల్చాను. ఎండకి కాగిన చొక్కా వాసన, గ్రీజు వాసన. ఒక్క క్షణం ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"నవ్వకు మెర్ల్," అన్నాడు.

"ఏం?"

"మొదటివారం తెలీదు. తర్వాత తెలిసింది."

తల ఎత్తాను. అతను నావైపు చూడ్డం లేదు, పంపుకేసి చూస్తున్నాడు. "నువ్వే చెప్పావు. ఆ ఆదివారం ఎండిపోయిన చెరువు గట్టుమీద కూర్చుని మధ్యాహ్నమంతా నీ తొట్టి గురించే చెప్పావు. మైలుతుత్తం ముందే తగిలితే జింకు ఆగదని చెప్పావు. నేను వినడంలేదనుకున్నావు కదూ? నీ మాటలన్నీ వింటాను నేను, అర్థంకానివి కూడా. సోమవారం పొద్దున్నే వచ్చి వాల్వుమీద చెయ్యి వేశాను. తిప్పలేదు."

"ఎందుకు?"

"నీకు తెలీదా ఎందుకో?"

"తెలుసు. నీ నోటితో చెప్పు."

"తొట్టి పనిచెయ్యకపోతే నాతో వచ్చేస్తావని. ఆరేళ్ళు మెర్ల్! నీ గేటు దగ్గర టోపీ తీసి, తిరిగెళ్ళి, నా ఒక్కడికే ఒక ముక్క మాంసం వేయించుకుని తిని పడుకుంటాను. రెండో కుర్చీ కొనాలా వద్దా అని ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను. తొట్టి నెగ్గిందంటే ఇంకో ఆరేళ్ళు. ఆ తర్వాత పెద్ద మిల్లు, ఇంకో ఆరేళ్ళు. నాకు ముసలితనంలో పెళ్ళాం అక్కర్లేదు, ఇప్పుడు కావాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"అందుకని నన్ను విరగ్గొట్టి తీసుకెళ్దామనుకున్నావా? బాగుంది! ఓడిపోయి, చేతకాని దాన్నని పేరు తెచ్చుకుని, ఏడుస్తూ నీ రైలెక్కితే, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం చూద్దామనుకున్నావు. నేను రోజూ ఆ నిచ్చెనెక్కి ఆ దరిద్రపు నురగ చూసి దిగుతుంటే, నా తలలోనే ఏదో లోపముందనుకున్నాను నెవిల్! నిద్రలు మానుకున్నాను. నువ్వేమో గోడవతల ఈల వేసుకుంటూ కూర్చున్నావు."

"వెయ్యబుద్ధి కాలేదు. మానేస్తే నీకు అనుమానమొస్తుందని వేశాను."

"ఛీ!"

నేను బయటికి పోవలసింది. పోలేదు. పోలేకపోయాను. ఇన్నాళ్ళూ మింగినదంతా నోట్లోకొచ్చేసింది.

"నాకు మాత్రం లేదనుకున్నావా? నీ చొక్కాకి బొత్తాం ఊడితే చూస్తూ ఊరుకోవాలి, కుట్టడానికి నాకేం హక్కుంది? చర్చిలో పక్కవాళ్ళ పసిపిల్ల నావేలు పట్టుకుంటే ఆ వారమంతా ఆ వేలు వేరేగా ఉంటుంది నాకు. నీ ఈల వినబడితే గాజుగొట్టంలో కొలత మళ్ళీ మొదటినుంచి చూసుకుంటాను. నాకు నువ్వు కావాలి. ఆ తొట్టీ కావాలి. నాకు రెండూ కావాలి నెవిల్. మీ మగాళ్ళకి రెండూ ఉంటే ఎవరూ ఏమీ అనరు. నేనడిగితే ఊరంతా నోరు నొక్కుకుంటుంది. నువ్వొక్కడివైనా అలా చెయ్యవనుకున్నాను."

అది అతనికి తగిలింది. మొహం చూస్తే తెలిసింది. లేచి, నన్ను దాటుకుని, ఎండలోకి వెళ్ళాడు. కంచె దగ్గర వంగి వాల్వు గట్టిగా తిప్పాడు. ఎండిన కాలవలోకి నీళ్ళు బుడబుడమని పడ్డాయి. అతను వాటికేసి చూడకుండా తిరిగొచ్చి, రైలు నీళ్ళ గొట్టం పూర్తిగా తెరిచాడు.

కొత్తనీళ్ళు నిండి, పాతవి పూర్తిగా పోవడానికి రెండు గంటలు పట్టింది. తొట్టి పక్కన నిలబడ్డాను. అతనూ నిలబడ్డాడు, కాస్త దూరంగా. టీ వేళయింది. మధ్యాహ్నం షిఫ్టువాళ్ళు టీలు పట్టుకుని తలుపు దగ్గర చేరారు. వాళ్ళల్లో బెర్ట్ హాకింగ్ ఉన్నాడు, మా గనిలో యూనియన్ మనిషి. పెళ్ళయిన ఆడవాళ్ళ పేర్లు ఉద్యోగాల్లోంచి కొట్టించేది ఆయనే. మంచివాడే, అదే నా బాధ.

నిచ్చెనెక్కాను. "నువ్వూ రా," అన్నాను నెవిల్‌తో. ఎందుకన్నానో తెలీదు. కోపం పోలేదు. అయినా ఇది చూసేటప్పుడు ఇతను తప్ప ఇంకెవరూ నా పక్కన ఉండక్కర్లేదనిపించింది.

ముందు అంచుల్లో మారింది. గోధుమరంగు పలచబడింది. బుడగలు చిన్నవై, దగ్గర దగ్గరగా చేరాయి. నడిమధ్యలో బూడిదరంగు మరక ఒకటి పుట్టి, మెల్లిగా పాకుతూ తొట్టినిండా పరుచుకుంది. రేకుల కప్పులోంచి ఎండ పడగానే మొత్తం తళుక్కుమంది. ఊరిమీద దుమ్ముగా రాలే సీసం, వెండిలా మెరుస్తూ అంచు దాటి పొర్లుతోంది. నాలుగేళ్ళు. నా కళ్ళనీళ్ళు తొట్టిలో పడ్డాయి. వాటితో ఏం ప్రమాదం లేదు, వాటిలో మైలుతుత్తం లేదు.

నెవిల్ చాలాసేపు చూశాడు. "ఇంత బావుంటుందని చెప్పలేదేం?"

"ఆదివారాలన్నీ ఇదేగా చెప్పాను."

"దీన్ని వదిలేసి రమ్మన్నానా నిన్ను," అన్నాడు, నాతో కాదు, తనలో తను.

అప్పుడే ఆక్స్లీ గారొచ్చారు, టెలిగ్రాం ఇవ్వడానికి కోటు వేసుకుని. తొట్టి అంచు కింది గాడిలో పారుతున్న నురగ చూశారు. వంగి వేలు ముంచారు, బొటనవేలితో రుద్ది, వెలుతురుకి పట్టి చూశారు. టోపీ తీశారు. ఈసారి తల తుడుచుకోలేదు.

"ఏం మార్చారు మిస్ ట్రెగెన్జా?"

"నీళ్ళండీ. వాడిన నీళ్ళు తిరిగొస్తున్నాయి. ఇప్పుడు కట్టేశాం."

"తిరిగొస్తున్నాయా? ఎవరు తిప్పారు?"

"నేను," అన్నాడు నెవిల్.

పంపు చప్పుడులో కూడా తొట్టి షెడ్డంతా ఒక్కసారి చల్లబడినట్టయింది. ఆక్స్లీ గారు నెవిల్‌ని చూశారు. "తెలీకా? తెలిసా?"

మా ఊళ్ళో ఈ రెంటికీ చాలా దూరముంది. తెలీక చేశాడంటే నలుగురూ నవ్వి వదిలేస్తారు. తెలిసి చేశాడంటే ఇక్కడ ఏ గనిలోనూ పని పుట్టదు, పిరీ కొలిమిలోనూ పుట్టదు. రైలుకంటే ముందు కబురు వెళ్తుంది.

"తెలీకండీ," అన్నాను గబగబా. "మా ఊరివాడు గదా, నీళ్ళు పారబొయ్యడానికి చేతులు రాలేదు. మా అమ్మయినా ఇదే చేసేది."

తలుపు దగ్గర ఎవరో నవ్వారు. ఆక్స్లీ గారి మొహం కూడా సడలింది. ఇంకొక్క క్షణం నెవిల్ ఊరుకుని ఉంటే అయిపోయేది.

"ఆమె నాకోసం చెప్తోంది సార్. మొదటివారం తెలీక. తర్వాత రెండువారాలూ తెలిసే."

నవ్వు ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఈ మనిషిని పీక పిసికి చంపాలనిపించింది. ఇతనికి తప్ప ఇంకెవరికీ నా బతుకులో చోటు లేదని కూడా అదే క్షణంలో అనిపించింది. నా అబద్ధం చాటున హాయిగా దాక్కోవచ్చు, దాక్కోలేదు.

"మీకు తెలుసా ఈ సంగతి?" ఆక్స్లీ గారు నన్నడిగారు.

"మధ్యాహ్నం తెలిసిందండీ."

"తెలిసీ నాతో అలా చెప్పారు."

"చెప్పాను."

ఆయన అరవలేదు. అరిస్తే బావుండేది. "నాలుగేళ్ళలో మీరు నాకు ఒక్క అంకె తప్పు చెప్పలేదు," అన్నారు మెల్లిగా. తర్వాత ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఊరంతటికీ తెలిసిన ముక్క ఆయనకి అప్పుడే అర్థమైనట్టుంది. "ఇతన్ని పెళ్ళి చేసుకోబోతున్నారా మీరు?"

ఇంకే ఊళ్ళోనైనా అది సొంత విషయం. మా ఊళ్ళో అది ఉద్యోగం విషయం. అవునంటే రేపు డైరెక్టర్ల పక్కన నిలబడి ఈ నురగ చూపించేది ఇంకెవరో. కాదంటే, నిజం చెప్పి నిలువునా మునిగిన మనిషిని పదిమందిలో ఒంటరిగా వదిలేసినట్టు. ఆరేళ్ళుగా గేటు దగ్గర, చెరువు గట్టున, స్టేషన్లో తప్పించుకుంటూ వచ్చిన ప్రశ్న, తప్పించుకునే దారి లేనిచోట పట్టుకుంది నన్ను. ఏదో గొణిగాను. పంపు హోరులో నాకే వినబడలేదు.

నెవిల్ నిచ్చెన దిగి, గోడ దగ్గరికెళ్ళి, స్విచ్చు తిప్పి పంపు ఆపేశాడు.

"పాస్కో! తొట్టి పూడిపోతుందయ్యా!"

"ఒక్క నిమిషానికేం పూడదు సార్. ఆమె ఏమంటుందో నాకు వినబడాలి."

అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు. నురగలో బుడగలు పగులుతున్న చిటపట ఒక్కటే వినబడుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను నెవిల్‌ని చూశాను.

"చేసుకుంటానండీ," అన్నాను. "ఇవాళ కాదు. ఇవాళ ఇతని మొహం చూస్తేనే ఒళ్ళు మండుతోంది. కానీ చేసుకుంటాను. ఉద్యోగం మాత్రం మానను."

తలుపు దగ్గర బెర్ట్ హాకింగ్ టీ కప్పు కింద పెట్టేసి, రెండడుగులు లోపలికొచ్చాడు.

"ఆ ఆఖరి మాట మళ్ళీ చెప్పు అమ్మాయ్," అన్నాడు.

ఈసారి వీధిలోకి వినబడేలా చెప్పాను.